రెండు వేళ్ల సందు

ముప్ఫై మిల్లీమీటర్లు.
అంతే పెరిగింది టైరు వెడల్పు,
అగ్గిపెట్టె పొడుగు కూడా లేదు.
అయినా బనశంకరి నుంచి జె.సి. రోడ్డు దాకా
ప్రతి ఎడమ మలుపులోనూ
బండి పళ్లు కొరికింది.

ఎస్టీమ్. తొంభై ఎనిమిది మోడల్.
నా మొదటి జీతం కన్నా పాతది.
దీనికింత లావు చెప్పులెందుకని
ఆఫీసులో అడిగారు, పెట్రోలు బంకులో అడిగారు,
వాచ్‌మన్ నింగప్ప కన్నడంలో అడిగాడు.
వానలో జారిందని ఒకరికి చెప్పాను.
మైలేజీ కోసమని ఇంకొకరికి
సిగ్గు లేకుండా అబద్ధమాడాను.
నిజానికి నాకిష్టం.
ఇష్టానికి బిల్లుంటుంది గానీ కారణముండదు.

కలాసిపాళ్యం వెనక సందులో
ఖాదర్‌వలీ షెడ్డు.
కదిరి మనిషి. కుడిచేతికి మూడు వేళ్లే.
మిగతా రెండూ ఏ ఫ్యాన్‌బెల్టు తీసుకుందో
అడిగినప్పుడల్లా ఒక్కో బండి పేరు చెబుతాడు.
టైరు భుజాల మీద సుద్దముక్కతో తెల్లగా రుద్ది
"ఒక చుట్టు తిప్పుకోని రాపో" అన్నాడు.
తిప్పుకొచ్చాను.
తగిలిన చోటల్లా సుద్ద చెరిగిపోయింది.
ఎక్కడ ఒరుసుకుంటోందో
ఏ డాక్టరూ నన్నడిగి
ఇంత తేలిగ్గా కనుక్కోలేదు.

లోపలికి జరిపితే స్ప్రింగు కప్పు కోస్తుంది.
బయటికి జరిపితే ఫెండరు రేకు గీస్తుంది.
"నీ టైరుకు ఈపక్క అత్త, ఆపక్క ఆడబిడ్డ"
అని నవ్వి, బండి కింద దూరాడు.

లేత్ నుంచి ఎనిమిది మిల్లీల స్పేసర్లొచ్చాయి
గోరువెచ్చగా, నూనె వాసనతో.
పాత స్ప్రింగులు దిగి, పొట్టివి, బిర్రువి ఎక్కాయి.
రేకు అంచును వేడిచేసి
టైరుకూ దానికీ మధ్య రోకలి దోపి
అంగుళం అంగుళం లోపలికి మడిచాడు.
నిజం రోకలే. షంషాద్‌ది.
పెయింటు పగలకుండా పాత చీర పీలిక చుట్టిందామె.
ఆ మధ్యాహ్నం నా కారు
కొద్దిగా మిరపకాయల ఘాటు కొట్టింది.

చక్రం తలను ఒకటిన్నర డిగ్రీ లోపలికి వాల్చాడు.
"నిటారుగా నిలబడితే పట్టదు.
రవ్వంత వొంగితే మలుపులో నేలను ఇడ్సదు.
కానీ లోపలంచు తొందరగా అరుగుతాది.
ముందే చెప్తాండా."

జాకీ దించాక నేను టేపు అందించాను.
తీసుకోలేదు.
"ఖాళీ బండి అబద్ధం చెప్తాది.
జనాన్ని కూచోబెట్టి కొలవాల."

టీకొట్టు శివలింగు వచ్చాడు.
బ్యాటరీ షాపు సెల్వి క్యారియరుతో సహా వచ్చింది.
గోనెసంచులు మోసే ముత్తురాజు
ఎందుకో తెలియకుండానే ఎక్కాడు.
ముందు సీట్లో షంషాద్,
ఒళ్లో వెల్లుల్లి ఒలుస్తున్న గిన్నె.
కదలని కారులో అందరూ
బస్సు బయల్దేరబోతున్నట్టు
కిటికీల్లోంచి సందును చూస్తూ కూర్చున్నారు.
స్ప్రింగులు ఒక్కసారి నిట్టూర్చి కుంగాయి.
ఖాదర్‌వలీ నేలమీద వెల్లకిలా పడుకుని
టైరుకూ రేకుకూ నడుమ
మిగిలిన వేళ్లలో రెండు దూర్చాడు.
"పడతాండాయి. చాలు."

కొలత అయిపోయింది. ఎవరూ దిగలేదు.
"ఎంత దూరం పోతున్నాం?" అన్నాడు ముత్తురాజు.
తాళం తిప్పాను.
టౌన్‌హాల్ దాకా పోయి
స్టీరింగు పూర్తిగా ఎడమకు కోశాను,
చేతులకు బరువుగా, కొత్తగా.
గీత లేదు. కోత లేదు.
గిన్నె మాత్రం ఒక పక్కకు జారింది.
షంషాద్ "యా అల్లా" అని
వెల్లుల్లిని పట్టుకుంది, నన్ను తిట్టింది.

రాత్రి అపార్టుమెంటు కింద
ఫోన్ దీపం వెలుతురులో వంగి
నా వేళ్లు పెట్టి చూశాను.
ఖాళీ బండి. నావి సన్నటి వేళ్లు.
మూడు పట్టాయి.